హెడ్‌లెస్ సరుకు

నెల్లూరు తీరంలో తల తీసేసిన సరుకుకు గౌరవం ఎక్కువ. చెరువు గట్టు మీద తలతో ఉన్న రొయ్యకు ఒక రేటు, ప్లాంటులో ఆడవాళ్ళు తల గిల్లి పక్కన పడేశాక ఇంకో రేటు. తల తీస్తే తూకంలో ఇంచుమించు మూడో వంతు పోతుంది, కిలో ధర మాత్రం పెరుగుతుంది. 2009లో వనామీ రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి వచ్చాక ఇందుకూరుపేట, అల్లూరు, విడవలూరు వైపు బడి మొహం చూడని పెద్దాయన కూడా హెడాన్, హెడ్‌లెస్, కౌంట్ అని తడుముకోకుండా మాట్లాడతాడు. నేను పగలు రొయ్యల మేత డీలరు దగ్గర పద్దులు రాస్తాను, రాత్రిళ్ళు ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాను. మద్రాసు వెళ్ళి హెడ్‌లెస్ బేస్ ఒకటి సెకండ్ హ్యాండులో కొనుక్కొచ్చానని తెలిసి మా ఓనరు అడిగిన మొదటి ప్రశ్న, ఆయన వ్యాపారం ప్రకారం, న్యాయమైనదే.

"కిలో ఎంత పడిందబ్బయా?"

బేస్ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. పాటలో చెవికి విడిగా వినపడకుండా పొట్టలో కదిలేదే బేస్. నాలుగు లావు తీగలు. అన్నిటికన్నా లావుది సెకనుకు 41 సార్లు ఊగుతుంది. 1989లో వచ్చిన ‘గీతాంజలి’ పాటలు మంచి స్పీకర్లో వింటే పాటకింద ఇంకో పాట నడుస్తుంటుంది, ఇళయరాజా దాన్ని బేస్ చేత నడిపిస్తాడు. జాతర కచేరీల్లో మాత్రం జనం చూసేది గాయకుణ్ణి, ఆ తర్వాత గాయనిని, ఆ తర్వాత మళ్ళీ గాయనిని. బేస్ వాయించేవాడు డ్రమ్ముల పక్కన స్తంభానికి ఆనుకుని ఉంటాడు. స్తంభాన్నైనా ఎవరో ఒకరు చూస్తారు, సీరియల్ బల్బులు చుట్టారు కాబట్టి.

అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. తీగ పలికే పొడవు 34 అంగుళాలు. మెడ చివర చెక్క పలక, దాని మీద నాలుగు పెద్ద ఇనప కీలు. అదే తల. అంత బరువు అంత దూరాన పెడితే ఏమవుతుంది? ఎడమ చెయ్యి వదలగానే మెడ నేల చూస్తుంది. దాన్ని ఎత్తి పట్టుకుంటూ పాట వాయించాలి. ముప్పై ఏళ్ళు ప్రపంచంలోని బేస్ వాద్యగాళ్ళు ఈ కూలిపని సంగీతంలో భాగమే అనుకున్నారు.

అప్పుడు నెడ్ స్టైన్‌బర్గర్ వచ్చాడు. న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఫర్నిచర్ డిజైన్ చేసుకునే మనిషి, గిటారు వాద్యగాడు కాదు. పక్కనే గిటార్లు చేసుకునే స్టువర్ట్ స్పెక్టర్ కోసం 1977లో ఒంటికి అతుక్కునే వంపుతో ఒక బేస్ గీసిచ్చాడు. ఆ పనిలో ఉండగా ఈ తల ఎందుకన్న అనుమానం వచ్చింది. కుర్చీలు చేసేవాడికి గిటారు మీద భక్తి ఉండదు, నడుంనొప్పి మీద ఉంటుంది. తల కోసేశాడు. కీలు తీసుకెళ్ళి తోక దగ్గర బిగించాడు. చెక్క కూడా వద్దని కార్బన్ నారను ఎపాక్సీలో పోతపోశాడు. ఆ ఎల్-2 బేస్‌కు 1981లో అమెరికా పారిశ్రామిక డిజైనర్ల సంఘం బహుమతి ఇచ్చింది. స్టింగ్, గెడ్డీ లీ, టోనీ లెవిన్ మెడలో వేసుకున్నారు. 1987లో గిబ్సన్ ఆ కంపెనీనే కొనేసింది. ఇక్కడిదాకా చరిత్ర. ఇక్కణ్ణుంచి మా ఇల్లు.

గిటారు సంచిలోంచి తీయగానే మా పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందకు చూసింది. "తల యాడ పెట్టొచ్చినావురా?" అంది. కీలు తోక దగ్గరున్నాయని చూపించాను. ఆమె అరణ్యకాండ నోటికి వచ్చిన మనిషి. "ఓహో, తల లేకేం, పొట్టలోకి దిగింది. కబంధుడు!" అని తేల్చేసింది. నేను చదివిన ఏ కేటలాగులోనూ ఇంత చక్కటి వివరణ లేదు. ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బకు తల కడుపులోకి దిగి, చేతులు మాత్రం యోజనం పొడుగున్న రాక్షసుడు. పైగా, సుగ్రీవుడి దగ్గరకు వెళ్ళమని రాముడికి దారి చెప్పింది తలకాయలున్నవాళ్ళెవరూ కాదు, ఆ కబంధుడే. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ గిటారు పేరు అదే. "కబంధుడికి గుడ్డ కప్పినావా, ఉప్పుగాలి తగలతాండాది" అని పెద్దమ్మ ఇప్పటికీ కేకేస్తుంది.

నిజానికి మన వీణను చూస్తే స్టైన్‌బర్గర్ చేసింది మరీ అంత విడ్డూరమేం కాదు. బొబ్బిలి వీణకు యాళి తల ఉంటుంది, అందానికి. తీగలు బిగించే పని బిరడలది. సన్నగా శ్రుతి సవరించే పని మాత్రం అటు చివర, కుండ దగ్గర, లంగర్ల మీది చిన్న రింగులది. వైణికులు ఆ రింగులు అటూ ఇటూ జరుపుకుంటూ తరాలు గడిపారు. స్టైన్‌బర్గర్ బిరడలు పీకేసి మొత్తం భారం లంగర్ల మీదే వేశాడనుకోవచ్చు. కాకపోతే ఈ మాట బొబ్బిలి వెళ్ళి వీణ చేసేవాళ్ళతో చెప్పే ధైర్యం నాకు లేదు.

తల లేకపోతే మొదటి లాభం బస్సులో తెలుస్తుంది. మామూలు బేస్ 46 అంగుళాలకు అటూ ఇటూ, ఇది 39 లోపు. మైపాడు బస్సులో ఒళ్ళో నిలబెట్టుకుంటే పై రాడ్డుకు తగలదు, ముందు సీటాయన మెడలో గుచ్చుకోదు, కండక్టరు లగేజీ టికెట్టు గురించి ఆలోచించేలోపు స్టేజీ వచ్చేస్తుంది. ఒడ్డున జాలర్లు మాత్రం తెడ్డు ఎందుకు మోసుకు తిరుగుతున్నానని అడుగుతారు. తెడ్డేనని ఒప్పుకుంటే గొడవ లేదు. గిటారంటే వాయించమంటారు.

నష్టాలు ఇంటికొచ్చాక ఒక్కొక్కటే బయటపడతాయి. గోడకు తగిలించే కొక్కెం గిటారును తల కింద పట్టుకుంటుంది. తల లేదు, జారి పడుతుంది. స్టాండు కూడా అంతే. శ్రుతి చూసుకునే చిన్న క్లిప్ ట్యూనరు తలకే పెట్టాలి, తల లేదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ, కంపెనీ పేరు రాసేది తల మీద. లీడ్ గిటారు కుర్రాడు ఫోటో తీసేటప్పుడల్లా మెడ తిప్పి పేరు కనపడేట్టు నిలబడతాడు. నాకా బాధ లేదు. నాది ఒరిజినల్ అనుకునేవాళ్ళు అనుకుంటారు, కాపీ అని తెలిసినవాళ్ళు నెల్లూరు జాతరలకు రారు.

గోడ కొక్కెం సంగతి వలలు బాగుచేసే మావయ్య చూసుకున్నాడు. నైలాన్ తాడుతో ఒక ముడి వేసి బెల్టు గుండీకి తగిలించాడు. ఆ ముడి పేరు ఆయన చెప్పలేదు, నేను విప్పలేకపోయాను, గిటారు పడలేదు. ట్యూనరు క్లిప్పుకు లేత్ షాపులో ఇత్తడి రేకు వంచి తోక దగ్గర బిగించారు. లేత్ ఆయన బోటు ఇంజన్ల పని వదిలేసి దీని మీద కూర్చున్నాడు. డబ్బులు తీసుకోలేదు కానీ వాళ్ళబ్బాయికి గిటారు నేర్పించాలన్నాడు. ఆ రేకు నాకు చాలా ఖరీదులో పడింది.

తీగల గొడవ వేరే. అసలు సిసలు హెడ్‌లెస్‌కు రెండు చివర్లా గుండు ఉన్న తీగలు కావాలి. చుట్టడం, కత్తిరించడం ఏమీ ఉండదు. ఈ గుండు ఇటు, ఆ గుండు అటు పడేసి కీ తిప్పితే శ్రుతి. ఆ కీలు కూడా 40 చుట్ల గేరుతో సమానంగా పనిచేస్తాయట, వెంట్రుకవాసి సవరించవచ్చు. పైగా ఎడమ చేత్తో స్వరం నొక్కిపట్టి కుడి చేత్తో శ్రుతి చేసుకోవచ్చు. ఇదంతా స్వర్గం. కానీ రెండు గుండ్ల తీగలు నెల్లూరు ట్రంకు రోడ్డులో అడిగితే షాపాయన "ఒక గుండువి రెండు తీసుకోండి సార్" అన్నాడు. లెక్క సరిపోయింది, తీగ సరిపోలేదు.

అందుకే మెడ చివర చిన్న బిగింపు పట్టీ వేయించుకున్నాను. మామూలు తీగ దూర్చి, స్క్రూ బిగించి, మిగిలింది కత్తిరించాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది: కత్తిరించే ముందు తీగను కొసన నిలువుగా వంచి తీరాలి. లేకపోతే లోపలి తీగ మీద చుట్టిన తీగ వదులై బేస్ స్వరం పోయి గొంతు బొంగురుపోతుంది. బిగించేది ఎల్లెన్‌కీతో. మా తీరంలో ఎల్లెన్‌కీ స్క్రూ అంటే ముందు తుప్పు, తర్వాత స్క్రూ. బ్రిడ్జి మీద ఉండే బుడ్డ స్క్రూలు కార్తీకంలో బిగుసుకుంటే ఉగాదికి కూడా కదలవు. నేను ప్రతి మరకూ విప్పి కుట్టుమిషను నూనె పట్టించి పెడతాను. వ్యాజిలీన్ వాడమనే వర్గం ఒకటుంది. మాకూ వాళ్ళకూ పడదు.

చెక్క మెడ సంగతి ఇంతకన్నా కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో చెక్క నీరు పీల్చి కదులుతుంది, తీగలు మెట్ల మీదినుంచి లేస్తాయి. కార్బన్ మెడకు ఆ జబ్బే లేదు. అసలు ఎల్-2లో మెడను సరిచేసే ఇనప రాడ్డే పెట్టలేదు, అవసరం లేదని. మా పట్టపుపాళెంలో ఈ సంగతి చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాళ్ళు చెక్క తెప్పలు వదిలేసి ఫైబర్ బోట్లకు మారి చాలా కాలమైంది, 2004 సునామీ తర్వాత సాయం కింద వచ్చినవీ ఉన్నాయి. రెజిన్, హార్డెనర్, మ్యాట్, ఎమరీ పేపరు, ఇవన్నీ ఒడ్డునే ఉంటాయి. నా గిటారు మూల పగిలితే బోటుకు మాసిక వేసే ఆయన సాయంత్రానికల్లా రెజిన్ పోసి రుద్దిచ్చాడు. రంగు కూడా వేశాడు. బోటుకు మిగిలిన రంగు. ఇప్పుడు నా బేస్ సగం నలుపు, సగం ముదురు నీలం. దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు కూడా రాస్తానన్నాడు, నేనే గమ్మునుండమన్నాను.

ఇంకొకటి, ఇది వినోదం కాదు, ప్రాణం సంగతి. ఇసకలో వేసిన స్టేజీ, జనరేటరు కరెంటు, నమ్మకంలేని ఎర్తు. మామూలు గిటారులో తీగలను వైరుతో ఎర్తుకు కలుపుతారు. కోరస్ పాడదామని మైకుకు మూతి ఆనిస్తే, మైకు ఒక లైను మీద, మనం ఇంకో లైను మీద ఉంటే, చరణం అక్కడే ఆగిపోతుంది. ఎల్-2లో తీగల ఊపును పట్టడానికి వాడిన ఈఎంజీ రకం బ్యాటరీ పికప్పులకు ఆ వైరే అక్కర్లేదు, తీసేయమని ఆ కంపెనీయే చెబుతుంది. మల్టీమీటర్లో వేసే 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఒకటి చాలు. గోల కూడా తగ్గుతుంది. చెరువుల నడుమ ఊళ్ళో రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతుంటాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, బేస్ లావు తీగ మీద మూడో మెట్టు నొక్కితే 49. పాత పికప్పుతో వాయిస్తే విద్యుత్ శాఖ కూడా మాతోపాటు బేస్ వాయిస్తుంది, కొంచెం శ్రుతి ఎక్కువగా.

ఈమధ్య మేనల్లుడు తనకూ ఒకటి కొనిపెట్టమని వెంటపడ్డాడు. షాపులో ముందు వాయించొద్దన్నాను. బెల్టు మెడలో వేసుకుని ఎడమ చెయ్యి వదిలెయ్. మెడ కిందకు వాలిందా, తల తీయించుకున్న ఫలం దక్కలేదన్నమాట, తిరిగిచ్చెయ్. మామూలు తీగలు పడతాయా అడుగు. కొత్తతరంవాటిలో చాలావాటికి పడతాయి. చెక్క మెడ అయితే రాడ్డు తిప్పే చోటు చేతికి అందుతుందా చూడు. కీలు చివరిదాకా తిప్పి చూడు, ఎక్కడైనా పట్టేస్తే అది సముద్రం చూసొచ్చిన గిటారు. రంగు గురించి ఆలోచించకు, ఎటూ మన బోటాయన ఉన్నాడు.

వాడన్నీ విని అయిదు తీగలది కావాలన్నాడు. అయిదో తీగ సెకనుకు 31 సార్లే ఊగుతుంది, అది పలకాలంటే సౌండు బాక్సులకు దమ్ముండాలి. అయినా ముచ్చటపడ్డాడు కదాని స్నేహితుడిది ఒకటి అరువు తెచ్చి జాతరలో చెక్ చేయించాను. అయిదో తీగ మీటగానే బాక్సుల ముందు కుర్చీలు కదిలాయి, స్వరం మాత్రం రాలేదు. సౌండు సిస్టం ఆయన మిక్సరు వదిలి మా దగ్గరకు నడిచొచ్చాడు.

"అన్నా, ఆ తీగ వాయించే పాట ఉంటే సాయంత్రమే చెప్పు. డీజిలు ఇంకో క్యాను తెప్పిచ్చుకుంటా."