క్యాలెండరులో దొరికిన జన్యువులు

కణంలో ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తున్నదో దాని ఆర్‌ఎన్‌ఏను బట్టి కొలవడమే జన్యు వ్యక్తీకరణ ప్రయోగం. ప్రోటీన్లకు మూలమైన జన్యువులు మనిషిలో దాదాపు 20,000. వాటన్నింటినీ ఒక్కసారే కొలిచే మైక్రోఅరే లాంటి పరికరం మహా సున్నితమైనది. రోగం తేడానే కాదు, రసాయనం డబ్బా మారినా, పనిచేసే చెయ్యి మారినా, సంవత్సరం మారినా ఇట్టే పసిగడుతుంది. ఈ చివరి గుణాన్ని ఆవిష్కరణగా మలుచుకునే విద్యకు పేరింకా పెట్టలేదు గానీ, సాధకులకు కొదవ లేదు.

విద్య తేలికైనదే. పోల్చదలచిన రెండు గుంపుల్లో ఒకదాన్ని ఒక విడతలో, రెండోదాన్ని మరో విడతలో కొలవాలి. ఇక తేడా రాకుండా ఎక్కడికి పోతుంది? 2007లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన ఒక పరిశోధన ఐరోపా సంతతివారి కణాలను చైనా, జపాను వారి కణాలతో పోల్చింది. పరీక్షించిన 4,197 జన్యువుల్లో 1,097 రెండు వర్గాల్లో వేరుగా పనిచేస్తున్నాయని తేల్చింది. అంటే నాలుగోవంతుకు పైగా! అదే ఏడాది, అదే పత్రికలో జాషువా ఏకీ బృందం ఒక మొరటు ప్రశ్న వేసింది: ఏ మైక్రోఅరే ఎప్పుడు చేశారు? ఐరోపా వారివి ఎక్కువగా 2003-04లో, ఆసియా వారివి 2005-06లో. ఆ తేడాలో జాతి వాటా ఎంతో, క్యాలెండరు వాటా ఎంతో విడదీసే దారి ఆ డేటాలో లేదు. కూడికల్లో తప్పేమీ జరగలేదు. కూడికలు మొదలవకముందే పని చెడింది.

2014లో ఎలుకల వంతు వచ్చింది. జన్యువుల పనితీరును బట్టి చూస్తే మనిషి అవయవాలన్నీ ఒక గుంపుగా, ఎలుకవన్నీ మరో గుంపుగా చేరుతున్నాయనీ, ఎలుక గుండెకు దగ్గరి చుట్టం మనిషి గుండె కాదనీ ఒక అధ్యయనం ప్రకటించింది. మరుసటి ఏడాది యోవ్ గిలాడ్, ఓర్నా మిజ్రాహీ-మాన్ ఆ ఫైళ్లలోని యంత్రాల గుర్తులు చదివారు. విడతలు చాలావరకు జాతులవారీగానే నడిచాయి. విడతల ప్రభావాన్ని తీసేస్తే గుండె వెళ్లి గుండె పక్కనే చేరింది. మూల రచయితలు మాత్రం తమ మాట మీదే నిలబడ్డారు.

విడతలు కుదరనివారికి వేరే దారులున్నాయి. అసలు ఏ తేడా లేని 20,000 జన్యువులను వందకు ఐదు పొరపాట్లను సహించే పి-విలువ 0.05 గీటుతో పరీక్షించినా, కేవలం యాదృచ్ఛికంగా వెయ్యి దాకా ‘విశేషాలు’ దొరుకుతాయి. దీనికి గణాంకవేత్తలు బెంజమినీ, హోచ్‌బర్గ్ 1995లోనే విరుగుడు చెప్పారు. జాబితా మరీ చిక్కిపోతుందని దాన్ని పక్కన పెట్టేవారున్నారు. ఒకే ఎలుక కాలేయాన్ని మూడు గొట్టాల్లో పోసి ‘మూడు నమూనాలు’ అనడం ఇంకా చవక. దానివల్ల పిపెట్ పట్టిన చెయ్యి ఎంత నిలకడైనదో చక్కగా తెలుస్తుంది, ఎలుకల గురించి మాత్రం ఏమీ తెలియదు.

ఇన్ని జరిగాక గణాంక నిపుణుణ్ణి పిలుస్తారు. అలా పిలవడం శవపరీక్షకు పిలవడమేనని గణాంకవేత్త ఫిషర్ 1938లోనే భారత గణాంక మహాసభలో ఎత్తిపొడిచాడు. ప్రతి విడతలోనూ రెండు గుంపులూ ఉండేలా చీటీలేసి కలపాలన్న ఆయన దారికి అయ్యే ఖర్చు చీటీలదే. కానీ రోగుల గొట్టాలన్నీ ఒక ట్రేలో ఉంటే వెతుక్కోవడం సులువు కదా! విడత ప్రభావాన్ని చెరిపే సాఫ్ట్‌వేర్ ఉందన్న ధీమా ఎలాగూ ఉంది. రోగులంతా ఒక విడత, ఆరోగ్యవంతులంతా మరో విడత అయినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ విడతతోపాటు రోగాన్నీ చెరిపేస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ మారుస్తారు.