రాణి రాని రథం

2022 జూన్ 5న లండన్‌లో ఎనిమిది గుర్రాలు ఓ బంగారు పూత రథాన్ని లాక్కుంటూ రాజభవనం వైపు నడిచాయి. బరువు దాదాపు నాలుగు టన్నులు. రోడ్డుకు రెండు వైపులా జనం చేతులూపారు. కిటికీలోంచి ఎలిజబెత్ రాణి కూడా చెయ్యి ఊపింది. చిక్కల్లా ఒక్కటే: రాణిగారికి అప్పటికి తొంభై ఆరేళ్లు, కిటికీలో కనిపిస్తున్న మనిషికి ఇరవై ఏడు. 1953లో పట్టాభిషేకం రోజు తీసిన ఫిల్మును కిటికీల్లో వేశారు. లోపల సీటు ఖాళీ. మూలవిరాట్టును గర్భగుడిలోనే ఉంచి ఉత్సవమూర్తిని ఊరేగించడం మనకు కొత్తేం కాదు. కానీ ఉత్సవమూర్తిని కూడా ఇంట్లోనే ఉంచి, వట్టి రథాన్ని తిప్పి, జనం చేత దండం పెట్టించుకోవడం మన ఆగమశాస్త్రాలకు తట్టని ఉపాయం. డెబ్బయ్యేళ్ల పాలనకు చేసిన ప్లాటినం జూబ్లీలో అందరికన్నా నిజం చెప్పింది ఆ ఖాళీ సీటే. రాజు ఏలుబడికి జరిపే పండక్కి రాజు అక్కర్లేదు, జనం వస్తే చాలు.

ఇది ఆ ఒక్కరోజు ముచ్చట కాదు, రెండు వందల ఏళ్ల ఆనవాయితీ. ఆ రథాన్ని 1762లో చేయించింది మూడో జార్జి కోసం. ఇంగ్లండులో ఈ జూబ్లీల సంబరానికి బోణీ చేసిందీ ఆయన పేరుమీదే, 1809 అక్టోబరు 25న. ఏలుబడికి యాభయ్యేళ్లు నిండాయని కాదు, యాభయ్యో ఏడు వచ్చిందని. నిండేదాకా ఆగితే ఏమవుతుందోనని కాబోలు. దేశమంతా దీపాలు, విందులు. విండ్సర్‌లో ఎద్దును నిలువునా కాల్చి పంచిపెట్టారు. చూపు దాదాపు పోయిన రాజు మాత్రం ప్రార్థన చేసుకుని బహిరంగ సంబరాలకు దూరంగా ఉండిపోయాడు. మరో రెండేళ్లు తిరక్కుండానే మతి కూడా తప్పి, అధికారం కొడుకు చేతికి పోయింది. 1897 జూన్ 22న విక్టోరియా వజ్రోత్సవం. సెయింట్ పాల్ చర్చి దాకా ఊరేగింపు వెళ్లింది గానీ, కాళ్లు సహకరించక రాణి బండి దిగలేకపోయింది. అందుకని చర్చే మెట్లు దిగి వచ్చింది. ఫాదరీలంతా బయట నిలబడి ప్రార్థన కానిచ్చేశారు. 2022లో అదే చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన జరిగితే, ఒంట్లో బాగాలేక ఎలిజబెత్ అసలు రాలేకపోయింది. మూడు జూబ్లీలు, మూడుసార్లూ పెళ్లి ఘనంగా జరిగింది, పెళ్లికొడుకు మాత్రం పీటల మీదికి రాలేదు.

పెద్దావిడ అనారోగ్యాన్ని పట్టుకుని వేళాకోళమేమిటని ఎవరైనా కోప్పడవచ్చు. ఆమె బొత్తిగా కనిపించలేదనడమూ అన్యాయమే. బాల్కనీలోకి వచ్చింది, చెయ్యి ఊపింది. తొంభై ఆరేళ్ల మనిషి ఇంటిపట్టున ఉండటంలో తప్పేమీ లేదు. అయితే ఆమె రాకపోయినా కార్యక్రమంలో ఒక్క డప్పు ఆగలేదన్నదే ఇక్కడి సంగతి. ఎవరు లేకపోయినా పండగ ఆగదో, ఆ పండగ వాళ్లది కాదు. మరి ఎవరిది? 1897లో సాటి రాజుల్ని కాక వలసల ప్రధానుల్ని, వలసల సైన్యాల్ని పిలుద్దామన్నది వలసల మంత్రి జోసెఫ్ చాంబర్లేన్. ముసలి రాణిని మధ్యలో కూర్చోబెట్టి సామ్రాజ్యమనే సరుకును వీధిలో పరిచి చూపించాడన్నమాట. ఆ ఏడే హిందూ దేశంలో కరువు. పుణెలో ప్లేగు, ప్లేగు పేరుతో ఇళ్లలోకి జొరబడే సోల్జర్లు. వజ్రోత్సవం రాత్రి గవర్నరు బంగళాలో విందు ముగించుకుని వస్తున్న ప్లేగు కమిషనర్ రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. ఆహ్వానం అందని వాళ్లు కూడా ఆ రోజును గుర్తుపెట్టుకున్నారు.

2022లో సరుకు మారింది గానీ కొట్టు మారలేదు. ఏప్రిల్‌లో ధరల పెరుగుదల తొమ్మిది శాతం, నలభయ్యేళ్లలో అంతటి మంట లేదు. లాక్‌డౌన్‌లో జనాన్ని గడప దాటొద్దన్న ప్రధాని ఆఫీసులోనే పార్టీలు జరిగాయని అప్పుడే తేలింది. జూన్ 3న చర్చి మెట్లెక్కుతున్న ఆ ప్రధాని బోరిస్ జాన్సన్‌ను చూసి జనంలోంచి ఈలలు, ఛీత్కారాలు వినిపించాయి. ఆయన్ను దించాలని సొంత పార్టీ ఎంపీలు రాసిన ఉత్తరాలు అప్పటికే పోగవుతున్నాయి. వాటిలో కొన్ని జూబ్లీ అయ్యాకే లెక్కలోకి తీసుకోవాలన్న షరతుతో వచ్చాయి. పండగ ఆదివారంతో ముగిసింది. సోమవారం సాయంత్రానికి అవిశ్వాసం మీద ఓటింగు: జాన్సన్ పక్షాన 211, వ్యతిరేకంగా 148. శవాన్ని ఇంట్లో పెట్టుకుని పెళ్లి చేసేశాక, పందిట్లోనే ఏడుపు మొదలెట్టినట్టుంది.

ఖర్చెంతని ఇంత రభస అంటారు భక్తులు. లెక్కప్రకారం వాళ్ల మాటే నిజం. ప్రభుత్వం కేటాయించింది 2.8 కోట్ల పౌండ్లు, తలకు అర పౌండు కూడా పడదు. పైగా ఓ సెలవు, వీధిలో విందు, ఏళ్ల తరబడి పలకరించుకోని పొరుగువాళ్ల మధ్య రెండు మాటలు. వాళ్ల సంతోషం నకిలీ కాదు, దాన్ని వెక్కిరించేవాడు మూర్ఖుడు. కాకపోతే పక్కింటివాడితో మాట్లాడటానికి డెబ్బయ్యేళ్ల ఏలుబడి పూర్తికావాలా? జూబ్లీ అసలు ఖరీదు అర పౌండు కాదు, ఆ నాలుగు రోజులూ పాలకుల్ని అడగకుండా దాచుకున్న ప్రశ్న. మనం ఎన్నుకున్న నేతలు వంద రోజులకే పేజీల నిండా ప్రకటనలు వేసుకుంటున్నారు, వాళ్లకన్నా రాణి నయం కదా అన్నది ఇంకో వాదన. నయమే. అయితే కటౌటుకు పాలాభిషేకం చేయించుకున్న నాయకుణ్ణి అయిదేళ్లకోసారి మన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబెట్టగలం. రథంలోని ఫిల్ముకు ఆ అవసరం ఎన్నడూ రాదు.

ఈ రాని రాణుల కథలో మన వాటా బెజవాడ బందరు రోడ్డు మీద ఉంది. విక్టోరియా స్వర్ణోత్సవానికి గుర్తుగా 1887లో అక్కడ ఓ భవనానికి పునాది వేసి, విక్టోరియా జూబ్లీ మ్యూజియం అన్నారు. భారత సామ్రాజ్ఞి అని బిరుదు పెట్టుకున్న ఆ మహాతల్లి బెజవాడ మాట దేవుడెరుగు, ఈ దేశంలోనే కాలు పెట్టలేదు. 1921లో కాంగ్రెసు సభలకు గాంధీ వచ్చినప్పుడు పింగళి వెంకయ్య తాను రూపొందించిన జెండాను ఆయన చేతికిచ్చింది ఆ ఆవరణలోనే. ఇప్పుడు దాని పేరు బాపు మ్యూజియం. ఎవరి పేరున కట్టారో ఆవిడ రాలేదు. ఎవరి ఊళ్లో కట్టారో వాళ్లు మాత్రం, ముప్పై నాలుగేళ్లు ఆలస్యంగానైనా, జెండా పట్టుకుని వచ్చారు.