టైరు వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము

“టూ థర్టీఫైవ్, సిక్స్‌టీఫైవ్, ఆర్ సెవెంటీన్, వన్ నాట్ ఫోర్ హెచ్. ఫ్రెష్ స్టాకండి మాస్టారూ. యాభై వేలు కళ్లు మూసుకుని తిరుగుతాది. నైట్రోజను ఫ్రీ.”

అవతారిక

విదేశమున ఉద్యోగము దొరకగా మా అబ్బాయి తన ఎస్‌యూవీని నాకప్పగించి పోయి ఆరేండ్లయినది. ఈ ఆరేండ్లలో అది తిరిగినది పదునెనిమిది వేల కిలోమీటర్లు. అందు సగము సింహాచలమునకును, శేషము బంధువుల పెండ్లిండ్లకును చెల్లినది. టైర్లకు గ్రిప్పు కావలసినంత మిగిలియున్నను, ప్రక్కభాగములందు వేసవి చెరువు అడుగువలె సన్నని బీటలు పొడసూపగా, గాజువాక త్రోవలో నొక దుకాణమునకు పోతిని. యజమాని పై వాక్యమును ఊపిరి తీయక, ఘనపాఠి పనస చెప్పినట్లు పఠించెను. అచటి కొనుగోలుదార్లు ముగ్గురును తలలూచిరి. తల యూచుటకును తెలియుటకును గల దూరమును నలువదేండ్లు తరగతి గదులలో కొలిచినవాడను గనుక ఈ వ్యాఖ్యకు పూనుకొంటిని.

కోలాచల మల్లినాథసూరి ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిన పట్టి వ్యాఖ్యలు రచించెను. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగము నాకు శిరోధార్యము. రెండవ సగమును పాటింపగలిగినచో నేను బడిపంతులనే కాకపోదును.

ప్రతిపదార్థము

టూ థర్టీఫైవ్ = టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో; సిక్స్‌టీఫైవ్ = ప్రక్కభాగపు టెత్తు, ఆ వెడల్పులో నూటికి 65 వంతులు, అనగా ఇంచుమించు 153 మిల్లీమీటర్లు; సెవెంటీన్ = రిమ్ము వ్యాసము, అంగుళములలో. (ఒక్క సమాసమున మిల్లీమీటరును అంగుళమును కాపురముంచుట వైరిసమాసము కాదా యనరాదు, లోకము సమ్మతించినది.) ఆర్ = స్పష్టము. వ్యాఖ్యాత దేనిని స్పష్టమనునో దానినే పాఠకుడు ముమ్మారు చదువుకొనవలెనని సంప్రదాయము. వన్ నాట్ ఫోర్ = ఒక్కొక్క టైరు 900 కిలోలు మోయుననుట; 104 నుండి 900 ఎట్లు పుట్టెనన్నచో, పట్టికనుండి పుట్టెను. హెచ్ = గంటకు 210 కిలోమీటర్ల పరమావధి వేగము.

ఇచట నొక శంక. వేగసంకేతములలో ఎస్ 180, టీ 190, యూ 200, వీ 240. వర్ణక్రమమును త్రోసిరాజని యూకారమునకును వీకారమునకును నడుమ హెచ్ ఎట్లు చొరబడెను? సమాధానము: హకారమునకు చోటు కుదురకపోవుట నేటి మాట కాదు. పదునాలుగు మాహేశ్వర సూత్రములలో, అనుబంధములను విడిచి చూచినచో, ఐదవదానియందొకమారును కడపటిదానియందొకమారును పీట వేయించుకొన్న వర్ణమిదియొక్కటే. పాణినియే రెండు చోట్ల కూర్చుండనిచ్చిన యక్షరమును టైరువాడు మూడవచోట కూర్చుండబెట్టుట తప్పు గాదు. ఆ 210 వేగమునకు ప్రయోగస్థలము మాత్రము ఉదయము తొమ్మిదింట గాజువాక కూడలిలో నాకు కానరాలేదు.

మఱియు ‘టైరు’ అను ముఖ్యపదమే మూలమున లేదు, అధ్యాహారముచే తెచ్చుకొనవలెను. తెచ్చుకొంటిమి గనుక నొక మాట. అది ఆంగ్లమున వేషధారణమును దెలుపు శబ్దమునుండి పుట్టినదని నిఘంటుకారుల మతము. చక్రమునకు తొడిగిన చొక్కా యన్నమాట. మనకు నేమి యనియు ప్రధి యనియు పదములు కలవు. అమరుడు నేమిని స్త్రీలింగమనియు ప్రధిని పుంలింగమనియు నిర్ణయించెను గాన, ఒక్క చక్రపు టంచు దంపతులుగా తిరుగుచున్నది.

చోడవరము చేరువ మా యూరిలో బండిచక్రమునకు పట్టా వేయు దినము మాకు పండుగ. నేలపై పిడకలు వలయముగా పేర్చి, ఇనుప పట్టాను వాని నడుమ ఉంచి, చింతనిప్పువలె నెఱ్ఱబడు దాక కాల్చి, నలుగురు పట్టుకార్లతో నెత్తి కొయ్యచక్రముపై దించగా గుప్పున పొగయు, వెంటనే కుండలతో నీరు పోయగా చుఱ్ఱుమను రొదయు లేచి, ముడుచుకొనుచున్న యినుము బిగువునకు ఆకులును కుండయు కిఱ్ఱున మూలిగి యొకదాని నొకటి గట్టిగా పట్టుకొనెడివి. వేసవిలో కొయ్య యెండి పట్టా వదులైనచో చక్రమును రాత్రి చెరువులో నానవేయుట వైద్యము. పట్టా యెన్నేండ్లు మన్నునని మా నాయనగారడుగగా కమ్మరి తాత, “తిరిగినన్నాళ్లు మన్నుతాది బాబూ, నిలబెడితే తుప్పడతాది” అనెను. పిమ్మట గాలి నింపిన టైరు బండ్లు వచ్చెను. ఎద్దులకు మెడనొప్పి తగ్గెను, కమ్మరికి పని తగ్గెను. పిమ్మట ట్రాక్టర్లు వచ్చెను. ఇప్పుడు అచ్యుతాపురమున అట్టి వాహనముల టైర్లకే 2022లో పెద్ద కర్మాగారము వెలసినది. ఎచట విడిచితిని? ఆఁ, ఫ్రెష్ స్టాకు.

ఫ్రెష్ స్టాకు = ఇప్పుడు పుట్టిన సరకు, అని వాచ్యార్థము. టైరు ప్రక్కన డాట్ అను మూడక్షరముల వరుస కొనకు నాలుగంకెలుండును. మొదటి రెండు వారము, కడపటి రెండు సంవత్సరము. ఈ నాలుగంకెలు తఱచు ఒక్క ప్రక్కనే యుండుటయు, ఆ ప్రక్కయే బండి లోపలి వైపునకు తిరుగుటయు సామాన్యము. నేను మోకాళ్లపై కూలబడి, ఫోను దీపము వెలిగించి చదివితిని: 1422. అనగా 2022వ సంవత్సరమున పదునాలుగవ వారము. అది గడచి మూడేండ్లు దాటినది. ఫిషింగు హార్బరులో చేపలమ్మునామె అడుగకమునుపే మొప్ప యెత్తి యెఱుపు చూపును. పదివేలకు మించిన సరకు నమ్మువాడు పుట్టిన తేదీని గోడవైపు త్రిప్పి నిలుపును! చదువవలసిన అంకె ఇదియొక్కటే, చదువనిది ఇదియొక్కటే. తక్కిన అంకెల స్తోత్రమంతయు దీనిని మఱపించుటకే గదా యని నాకప్పుడు నిజముగా కోపము వచ్చినది.

రబ్బరు అరుగుటచేతనే కాదు, ఊరకుండుటచేతను ముదియును. ప్రాణవాయువు, ఓజోను, ఎండ దానిని గిడసబార్చును. బీటల నాపుటకై లోన కలిపిన మైనము టైరు వంగి సాగుచు తిరిగినప్పుడే పైకి వచ్చును. కమ్మరి తాత యిదే చెప్పెను. గాళ్లలోని గుర్తుదిమ్మెలతో సమమై గ్రిప్పు 1.6 మిల్లీమీటర్లకు దిగినచో మార్చవలెను. దిగకున్నను కొందఱు బండి తయారీదార్లు ఆరేండ్లకు మార్చుమందురు, కొన్ని టైరు సంస్థలు పదేండ్లు తుదిగడువందురు.

యాభై వేలు = కిలోమీటర్లు; ప్రమాణము యజమాని వాక్కు. కొన్ని టైర్లపై ట్రెడ్‌వేర్ అను నంకె యుండును. అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు రోడ్లపై 7,200 మైళ్లు నడిపి, ప్రమాణముగా పెట్టుకొన్న మరియొక టైరుతో పోల్చి తయారీదారే దానిని వేసికొనును. ఆ టెక్సాసు రోడ్డు కూర్మన్నపాలెము రోడ్డును ఎఱుగదు.

కళ్లు మూసుకుని = ఇది క్లిష్టస్థలము. ‘మూసుకుని’ క్త్వార్థకము; దానికిని సమాపకక్రియకును కర్త ఒక్కడే కావలెను. తిరుగునది టైరు గనుక కన్నులు మూయునదియు టైరే కావలెను. దానికి కన్నులు లేవు. నడుపువాడు కర్తయందమా, కాన్వెంటు కూడలికడ లారీల నడుమ అతడు కన్నులు మూసినచో యాభై వేల కిలోమీటర్లు గాదు, యాభై గజములు దుర్లభము. ఇక మిగిలినవాడు కొనువాడు. ఆతడు మూసికొన్నచో వ్యాకరణము చెడినను వ్యాపారము చక్కగా నన్వయించును.

నైట్రోజను ఫ్రీ = మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లదియే. ఫ్రీ యనగా బిల్లులో వాల్వుల పేర చేరునది.

పాఠాంతరము: 1422ను చూపిన పిమ్మట “ఫ్రెష్ స్టాకండి” యనుచోట “మా గోడౌనుకి మొన్ననే వచ్చిందండి” అని యజమాని దిద్దుకొనెను. లోపల వెదకగా ఈ సంవత్సరపువి రెండే దొరకినవి.

ఇది కంచరపాలెము వాస్తవ్యుడగు విశ్రాంత తెలుగు పండితుని వ్యాఖ్యయందు వెనుక చక్రముల ప్రకరణము. ముందు చక్రములది, సరకును పింఛనును వచ్చిన పిమ్మట.