కరువు సీమలో స్నో మోడ్

మన అనంతపురం జిల్లాకు రావాల్సినవి చాలా ఉన్నాయి. హంద్రీ-నీవా నీళ్ళు చివరి చెరువు దాకా రావాలి. వేరుశనగకు గిట్టుబాటు ధర రావాలి. వేళకు వాన రావాలి. ఇవేవీ సరిగ్గా రాకపోయినా, మంచు వస్తే ఏం చేయాలో మాత్రం మనవాళ్ళు ముందే ఏర్పాటు చేసుకున్నారు. కొత్త బండిలో గేరు పక్కన గుండ్రటి మీట ఒకటి ఉంటుంది. ఇటు తిప్పితే ఇసుక, అటు తిప్పితే బురద, ఇంకాస్త తిప్పితే మంచు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే ఊళ్ళో, ఎండాకాలం 42 డిగ్రీలకు తారు మెత్తబడే ఊళ్ళో, ఆ మీట ఉన్న బండి కోసమని ఇంకో రెండు లక్షలు అప్పు చేసేవాళ్ళున్నారు. ఎందుకప్పా అని అడిగితే, "ఉండనీలే అన్నా, ఎప్పుడన్నా మనాలి పోతే పనికొస్తాది" అంటారు.

మనాలికి పోతారు, నిజమే. బెంగళూరులో విమానం ఎక్కి, చండీగఢ్‌లో దిగి, టాక్సీ మాట్లాడుకుని పోతారు. స్నో మోడ్ ఉన్న బండి ఇక్కడ ఎండలో కవరు కప్పుకుని కూర్చుంటుంది. టాక్సీ నడిపేవాడు ఆ మీట పేరు కూడా ఎత్తడు. డిక్కీలోంచి ఇనుప గొలుసులు తీసి టైర్లకు బిగించుకుని పని చూసుకుంటాడు.

సొంత బండిలోనే పోతామనే వీరులూ ఉన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఒక కొస కన్యాకుమారి, ఇంకో కొస శ్రీనగర్. రోడ్డే మంచు దాకా పోతున్నప్పుడు మనిషికి ఆశ పుట్టదా? వీళ్ళకొక మంత్రం ఉంది: "మనది ఆల్ వీల్ డ్రైవ్. ఏ టైరు అయితేనేం, గొలుసులెందుకు?"

ఈ మంత్రం సగమే పనిచేస్తుంది. ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ పోతే బండి కదలడం, ఎత్తు ఎక్కడం తేలికవుతాయి. అక్కడితో దాని పని సరి. ఆపడంలో అది చేసేదేమీ లేదు. బ్రేకు తొక్కినప్పుడు ప్రతి కారూ ఆల్ వీలే. 6 లక్షల బండికీ బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. మలుపులో పట్టు ఇవ్వాల్సింది టైరు, ఇంజన్ కాదు. తేడా అల్లా ఒక్కటే. మామూలు బండివాడు ఎత్తు ఎక్కలేక కిందే నిలబడిపోయి ప్రాణాలు దక్కించుకుంటాడు. మనవాడు దర్జాగా పైకెక్కి, దిగేటప్పుడు జారతాడు. 2024 డిసెంబరులో మనాలి దగ్గర సొలాంగ్‌కూ అటల్ టన్నెల్‌కూ మధ్య మంచు కురిసి వందల బండ్లు ఇరుక్కున్నాయి. ఫోర్ బై ఫోర్ బండ్లు అడ్డంగా జారుకుంటూ పోవడం దేశమంతా ఫోన్లలో చూసింది.

ఇంకో రహస్యం. మీట మీద మంచు బొమ్మ ఉన్న బండ్లన్నీ ఆల్ వీల్ కూడా కావు. చాలావాటికి బలం ముందు రెండు చక్రాలకే. మీట తిప్పితే ఇంజన్ కాస్త నిదానిస్తుంది, ఊరికే తిరిగే చక్రానికి బ్రేకు పడుతుంది, అంతే. కుడికాలు అదుపులో ఉన్న డ్రైవరు ఆ పనిలో సగం ఉచితంగా చేస్తాడు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ పాఠం డబ్బులిచ్చి నేర్చుకున్నారు. బే ఏరియా నుంచి లేక్ టాహోకు స్కీయింగ్‌కని బయల్దేరితే, కాలిఫోర్నియా వాళ్ళు దారిలో బోర్డు పెడతారు. ఆర్2 అని ఉంటే, ఆల్ వీల్ బండి నాలుగు చక్రాలకూ మంచు టైర్లుంటేనే గొలుసులు బిగించకుండా పోనిస్తారు. అప్పుడు కూడా గొలుసులు బండిలో ఉండి తీరాలి. ఆర్3 అని పెడితే ఎవరికీ మినహాయింపు లేదు, ఎంత ఖరీదు బండైనా గొలుసులు కట్టాల్సిందే. అసలైన చలికాలపు టైరు మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉంటుంది. 7 డిగ్రీల కిందికి చలి దిగితే మామూలు రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది, ఇది మెత్తగానే ఉంటుంది. గొలుసులు ఏ చక్రాలకు కట్టాలో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య గొలుసుకు చోటు లేని బండ్లకు గుడ్డ తొడుగులు దొరుకుతాయి. గొలుసులు కట్టాక 50 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఇవన్నీ చదివేదెవరు? చీకట్లో, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, చిక్కుపడ్డ గొలుసు విప్పుతూ యూట్యూబ్ చూసే ఇంజనీరును అడగండి, ఆల్ వీల్ మహిమ చెబుతాడు.

సరే, మన ఊరికి వద్దాం. 2019 నుంచి పెనుకొండ పక్కన లక్షల కార్లు తయారవుతున్నాయి. కార్లు పుట్టే గడ్డ మీద ఉన్నవాళ్ళం, కారు గురించి నాలుగు ముక్కలు తెలిసి ఉండాలి కదా. మనకు తెలిసిందల్లా నిమ్మకాయలు. పూజ చేయించి, నాలుగు చక్రాల కిందా నాలుగు పెట్టి తొక్కిస్తాం. బలం రెండు చక్రాలకే పోయే బండికైనా నిమ్మకాయలు మాత్రం నాలుగు. నాలుగు చక్రాలకూ సమానంగా అందే సదుపాయం అదొక్కటే.

గుత్తి రోడ్డులో ఒక పంక్చరు షాపు. పెద్ద బండి వచ్చి ఆగింది. కుర్రాడు టైరు గాడిలో గోరు పెట్టి చూశాడు. గోరు దిగలేదు. గాడి మధ్యలో 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మె ఉంటుంది. టైరు దాని దాకా అరిగితే మార్చాలని చట్టం. ఈ టైరు ఎప్పుడో అక్కడిదాకా అరిగిపోయింది.

"అన్నా, గుండు కొట్టించినట్టుండాయి. నాలుగూ మార్చల్ల."

"ఇంగో ఐదు వేల కిలోమీటర్లు తిరగనీలేప్పా. దీంట్లో స్నో మోడ్ ఉండాది."

"మంచులో పోతాదేమోలే అన్నా. రాత్రి ఈడ వాన పడింది గదా, దానికి ఏ మోడ్ పెడతావు?"

తడి రోడ్డు మీద నీళ్ళను పక్కకు తోసేది ఆ గాళ్ళే. అవి పోయాక బండి నీళ్ళ మీద తేలుతుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

మీటలోని మిగతా రెండు గుర్తులకు మన దగ్గర నిజంగానే పనుంది. ఇసుక కావాలంటే బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరుకు పోండి. వేదవతి ఇసుక గాలికి కొట్టుకొచ్చి పొలాల మీద దిబ్బలు పోసింది. సినిమావాళ్ళు వచ్చి ఎడారి సీన్లు తీసుకుని పోతారు, రైతు ఇసుక ఎత్తిపోసుకుంటూ అక్కడే ఉంటాడు. అతని పొలానికి ఏ కంపెనీ మీటా పెట్టలేదు. బురద కావాలంటే వానలో ఉరవకొండ వైపు నల్లరేగడిలోకి బండి దింపండి. నాలుగు చక్రాలూ ఇంతింత మట్టి ఎత్తుకుని ఊరికే తిరుగుతాయి. అప్పుడు పనికొచ్చేవి గోనె సంచులు, కంపలు, రాళ్ళు, నలుగురి భుజాలు. చివరికి ట్రాక్టరు వచ్చి లాగుతుంది. మడి దున్నేటప్పుడు దానికి ఇనుప చక్రాలు ఎందుకు తగిలిస్తారో రైతుకు తెలుసు: పట్టు నేలకూ చక్రానికీ మధ్య ఉంటుంది, డ్యాష్‌బోర్డులో కాదు.

అంత పెద్ద బండీ నేలను తాకేది నాలుగు అరచేతులంత మేరే. ఉన్న డబ్బు ముందు అక్కడ పెట్టండి. మనాలి పోయేవాళ్ళు గొలుసులు కొని, ఇంటి ముందరే ఒకసారి బిగించి చూసుకోండి. ఎక్కడికీ పోనివాళ్ళు ఈ వానలకు ముందే టైర్లు మార్చండి. మీట తిప్పడం ఆ తర్వాత.