గోడ మాస్టారు

చెన్నై టి. నగర్‌లో ఖాళీ గోడ కనబడితే ముగ్గురే ఆగుతారు. ఒకడు పోస్టరు అంటించడానికి, ఒకడు పైకి చెప్పుకోలేని పనికి, మూడోవారు మా గోడ మాస్టారు. మొదటి ఇద్దరూ పని కానిచ్చుకుని వెళ్లిపోతారు. మాస్టారు వెళ్లరు. అరచేత్తో తట్టి, గోటితో గీకి, చెవి ఆనించి మరీ, "లోపల చెమ్మ ఉందండీ. ఉప్పు పొంగుతుంది. గీకించి ప్రైమర్ కొట్టకపోతే ఒక్క వానకే పెచ్చులూడుతుంది" అంటారు. ఈ విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు. మేస్త్రీలు కూడా ఒప్పుకుంటారు.

వృత్తికి డ్రాయింగు టీచరు. వారంలో నాలుగు రోజులు పిల్లలకు బొమ్మలు నేర్పుతారు, మిగతా రోజులు పెద్దలకు, వాళ్లు అడక్కపోయినా. ఖద్దరు లాల్చీ, భుజాన గుడ్డసంచి, లాల్చీ మీద రంగు మరకలు. ఏ కొత్త లాల్చీ తొడిగినా మొదటి రోజే, అదే చోట, అవే మరకలు ఎలా పడతాయో మా వీధిలో ఎవరికీ అంతుబట్టలేదు. ఢిల్లీ లోధీ కాలనీ, హైదరాబాదు ఎం.ఎస్. మక్తా, ఈ ఊళ్లోనే కన్నగి నగర్, ఎక్కడ ఏ గోడ మీద ఏ బొమ్మ ఉందో నోటికి చెబుతారు. సొంత ఫోన్ నంబరు మాత్రం సంచిలో వెతుక్కోవాలి.

మా అపార్ట్‌మెంటు ప్రహరీ ఆయన కంట పడింది. గోడ మనదైనా బొమ్మ జనానిది కాబట్టి ముందు కమ్యూనిటీ మీటింగ్ పెట్టాలన్నారు. ఇక్కడ కమ్యూనిటీ అంటే కులమే కాబట్టి, గోడవార పూలమ్ముకునే ఆవిడ కొడుకు కులం సర్టిఫికెట్ జిరాక్సుతో సహా వచ్చి కూర్చుంది.

ఏం వేయాలన్నది మాస్టారికి ముందే తెలుసు. చెరువు. ఎక్కడ గోడ దొరికినా చెరువే. ఆయన బాధా అర్థం చేసుకోవాలి. 1920లలో లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువును పూడ్చి కట్టిన పేట ఇది. పేటకు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు, నడిమధ్య పార్కుకు పానగల్ రాజా పేరు పెట్టారు. ఇద్దరూ జస్టిస్ పార్టీ పెద్దలు, పైగా మనవాళ్లు. "మనుషుల పేర్లు మిగిలాయి, నీళ్ల జాడ పోయిందండీ" అన్నారు మాస్టారు గద్గదంగా.

"ఎక్కడ పోయింది? 2015లో వచ్చింది, 2021 నవంబరులో మళ్లీ వచ్చింది. అప్పుడు నా కారు అందులోనే ఉంది," అన్నారు సెక్రటరీ గారు. ఆయనకు కావలసింది వేంకటేశ్వరస్వామి.

"వెంకటనారాయణ రోడ్డులో టి.టి.డి. వారి గుడి ఉంది కదండీ?"

"గుడి గోడ దగ్గర ఎవడూ జిప్పు తీయడు కదండీ. మన గోడ సంగతే."

మూడో అంతస్తు బాబాయిగారు ఎన్టీఆర్ కావాలన్నారు. తిరుపతి చూసుకుని వచ్చే బస్సులు బజుల్లా రోడ్డులో ఆయన ఇంటి ముందు ఎలా ఆగేవో అరగంట వర్ణించారు. ఆటోస్టాండు వాళ్లు రజనీకాంత్ అన్నారు. పూలావిడ మాత్రం, ఏ దేవుణ్ణి వేసుకున్నా సరే, దండలు తగిలించే మేకులు పీకొద్దంది. మాస్టారు అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నారు. "మెరీనాలో శ్రామిక విజయం విగ్రహం పెట్టినప్పుడు శిల్పి రాయ్ చౌదురి ఇంతమందిని అడిగారా?" అని బాబాయిగారి సందేహం. 1959లో పెట్టిన విగ్రహం గురించి ఇప్పుడు ఎవరిని అడుగుతాం?

అందరి మాటా విన్నాక మాస్టారు చెరువు స్కెచ్ తీశారు. అసలు చిక్కు అక్కడ మొదలైంది. నీళ్ల మీద తామరపువ్వు ఉంది. "ఇది బీజేపీ గుర్తు కదా" అన్నారు సెక్రటరీ. తామర తీసేశారు. గట్టున కొండల మధ్య నుంచి సూర్యుడు వస్తున్నాడు. అది డీఎంకే. సూర్యుణ్ణి తీసేసి కొమ్మకు రెండాకులు పెట్టారు. వాచ్‌మన్ నవ్వాపుకోలేక బయటికి పోయాడు. పోనీ ఆ ఖాళీలో పిల్లల అరచేతి ముద్రలు వేయిద్దామంటే కాంగ్రెస్. తమిళనాట ప్రకృతి మొత్తం ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరై ఉందని మాస్టారికి ఆ రోజే తెలిసింది. చివరికి తామరలు లేని చెరువు, సూర్యుడు కనబడని మిట్టమధ్యాహ్నం, మూడేసి ఆకుల కొమ్మలు ఖాయమయ్యాయి. అన్ని పార్టీలూ సమ్మతించే చెట్టు అదొక్కటే.

ఆదివారం పరంజా కట్టారు. పైభాగం మాస్టారిది, కింద చెయ్యందినంత మేరా పిల్లలది. ఇక్కడ ఆయన్ను మెచ్చుకోవాలి. పెద్దలకు కుంచె ఇస్తే వెనకే నిలబడి, రాత్రికి రాత్రి సరిదిద్దే మనిషి, పిల్లలు వేసినదాన్ని మాత్రం ముట్టుకోరు. ఆవు ఆకుపచ్చగా ఉంటే ఆకుపచ్చే.

సాయంత్రానికి చూస్తే చెరువు మధ్యలో, మేకుల వరస కింద, కారొకటి తేలుతోంది. నంబరు ప్లేటు అక్షరం పొల్లుపోలేదు. సెక్రటరీ గారు వచ్చారు. తుడిపించేస్తారని అందరం ఊపిరి బిగబట్టాం. ఆయన కళ్లజోడు సర్దుకుని, "నాది వెండి రంగు. తెల్లగా వేశారేమిటి?" అన్నారు.

మాస్టారు కుంచె చేతికిచ్చారు. ఆయన గంటసేపు అక్కడే గొంతుక్కూర్చుని, రంగు మార్చి, పనిలోపనిగా నాలుగు చక్రాలూ నీళ్ల పైకి లేపి, ఇన్సూరెన్స్ వాళ్లకు పంపాలంటూ ఫోటో తీసుకున్నారు.