ముందు నీళ్లు, తర్వాత మట్టి

మా రోజుల్లో తార్నాకలో ఎవరైనా గాజుతొట్టిలో మొక్కలు పెంచాలనుకుంటే మొదట తమ నీళ్లెలాంటివో, ఏ మొక్కలు పెట్టాలో చూసుకుని, ఆ తర్వాతే మంచి ఇసుక వెతికేవాళ్లు. ఇప్పుడు తొట్టి అడుగున పరిచే సరుకు రంగుల సంచీలో ఇంటికొచ్చాక మొక్కల సంగతి ఆలోచిస్తున్నారు. వరస ఇలా తలకిందులైనందుకే నాకింత కోపం.

ఆ ఇసుక పుట్టింది మా చుట్టూ ఉన్న రాయిలోంచే. ఉస్మానియా యూనివర్సిటీలో చదివినవాళ్ల కాళ్ల కింద ఉన్నదంతా గ్రానైటే. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనమూ ఆ రాయితో కట్టిందే. ఇక్కడి గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాయి ఎండకూ వానకూ చివికితే మొరం, మొరం ఇంకా నలిగితే ఇసుక. అందులో ప్రధానంగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఏళ్ల తరబడి నానినా నీటి గుణాన్ని మార్చవు. తొట్టి అడుగుకు ఇంతకన్నా నమ్మకమైనది ఏముంటుంది?

ఇల్లు కట్టేచోట అడిగి దొడ్డు ఇసుక తెచ్చుకునేవాళ్లం. దుమ్ము పోయేదాకా జల్లించి, తేటనీళ్లు వచ్చేదాకా కడిగేవాళ్లం. గింజ 2, 3 మిల్లీమీటర్లుంటే వేళ్లు పట్టుకుంటాయి, నీరూ ఆడుతుంది. మరీ మెత్తనిదైతే గట్టిపడి, లోపల గాలాడక కుళ్లు వాసన పుడుతుంది. కడిగిన ఇసుక మీద యాసిడ్ చుక్క వేసి చూడనిదే తొట్టిలో పోసేవాళ్లం కాదు. నురగ వచ్చిందంటే సున్నమున్నట్టు. షాబాద్ బండ ముక్కలు, పాలరాతి చిప్స్, గవ్వలు అన్నీ నురగ కక్కేవే. అవి మెల్లగా కరిగి నీటి కాఠిన్యాన్ని పెంచుతాయి. ఇంట్లో యాసిడ్ లేకపోతే వెనిగర్ చాలు. ఇంత చిన్న పరీక్ష కూడా ఇప్పుడు ఎవరూ చెయ్యరు. నీలం, గులాబీ రంగులు పూసిన గులకరాళ్లు కొని, మొక్క ఎందుకు వాడిందని అడుగుతారు.

ఖరీదైన ఆక్వా సాయిల్ సంగతీ అంతే. కాల్చిన మట్టి గుళికలవి. నీటిలోని కాఠిన్యాన్ని పీల్చుకుని పీహెచ్‌ను తగ్గిస్తాయి. మెత్తటి నీళ్లున్నచోట అది గొప్ప సరుకే, కాదనను. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే మాత్రం ఆ శక్తి త్వరగానే హరించుకుపోతుంది. పైగా చాలా రకాలు మొదటి కొన్ని వారాలు అమ్మోనియా వదులుతాయి. కొన్నరోజే చేపల్ని వదిలితే అవి చావక ఏంచేస్తాయి? ఆ మాట అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు.

ఇక మొక్కల సంగతి. మా బాటనీ ప్రాక్టికల్స్‌లో గరాటు కింద బుడగలు వదిలిన హైడ్రిల్లా నీళ్లలోంచి కూడా తిండి లాక్కుంటుంది. వేళ్లే లేని హార్న్‌వర్ట్‌కు మట్టితో పనే లేదు. జావా ఫెర్న్‌ను రాయికి కట్టాలి, దాని దుంపను ఇసుకలో పాతితే కుళ్లుతుంది. వేళ్లతో బాగా తినేవి క్రిప్టోకోరైన్, వాలిస్నేరియా. వాటికే అడుగున మట్టి కావాలి. వాలిస్నేరియాకు కాస్త కఠినమైన నీళ్లన్నా భయం లేదు, మన బోరు నీళ్లకు తగిన మొక్క అది.

అలాంటి మొక్కల కోసం ఎరువు తగలని చల్క మట్టిని అంగుళం మందాన పరిచి, పైన అంగుళమున్నర ఇసుక కప్పేవాళ్లం. పేడ కలిపితే నీళ్లు చెడినట్టే. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో ప్రచురించిన పుస్తకం కూడా మామూలు మట్టి మీద కంకర కప్పే పద్ధతినే చెప్పింది. మట్టి కలపడం ఇష్టంలేనివాళ్లు వట్టి ఇసుకలో మొక్క మొదట్లో ఎరువు బిళ్ల గుచ్చవచ్చు. ఈ కాలం తెచ్చిన మంచి వస్తువుల్లో అదొకటి, సంతోషంగా ఒప్పుకుంటాను.

కుర్రవాళ్ల మీద నాకు కోపం లేదు, కుతూహలం వాళ్లకూ ఉంది. వాళ్లకు సరుకు చూపించేవాళ్లున్నారు గానీ, కారణం చెప్పేవాళ్లు లేరు. అక్వేరియం దుకాణంలో సంచీ అందించే ముందు రెండు ప్రశ్నలు అడగాలి: మీ ఇంట్లో నల్లా నీళ్లా, బోరు నీళ్లా? ఏ మొక్కలు పెడతారు? ఆ రెంటికీ జవాబు వచ్చేదాకా సంచీ అమ్మకూడదు, మనమూ కొనకూడదు.