ఎండుపూల పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

మెతుకుసీమలోని కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. కాళిదాసుకు ఆ ఒట్టు చెల్లుతుంది. మంచిర్యాలలో ఒక డబ్బా మూత మీద అంటించి ఉన్న పద్యానికి చెల్లదు. ఇక్కడ మూలం నాలుగంటే నాలుగు పాదాలు. అక్కరలేనివన్నీ చెబితే తప్ప వాటితో ఒక్క పువ్వూ సరిగ్గా ఎండదు.

కవయిత్రిని ఇంట్లో అందరూ బాపమ్మ అంటారు. అసలు పేరు రేషన్ కార్డుకే తెలుసు. కాలనిర్ణయం కష్టం. పద్యం రాసిన కాగితం 2015 నాటి క్యాలెండర్ చింపు, వెనుకవైపు గోదావరి పుష్కరాల బొమ్మ ఉంది. కనుక పద్యం ఆ ఏటిదని ఒక మతం. కాగితం అప్పటిది గానీ పద్యం అత్తగారి నుంచి కోడలికి నోటిమాటగా వచ్చిందని మరో మతం. మంచిర్యాల ఆదిలాబాద్ నుంచి విడిపోయి జిల్లా అయింది 2016 అక్టోబరులో గనక, కవయిత్రి మావారంటే మావారని రెండు జిల్లాల వాళ్ళూ అనుకోవచ్చు. ఇప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

మూలం

పూలు కోసి తెచ్చి పొద్దెక్కకుండనే
నీడ చాప మీద నేర్పు మీర
ఎండ తగలకుండ ఎనిమిది రోజులు
ఉంచి డబ్బ మూత నొత్తి పెట్టు

ప్రతిపదార్థం

(ఓ కోడలా! అని అధ్యాహారం.) పొద్దు ఎక్కకుండనే = ఎండ ముదరక మునుపే; పూలు = కుసుమములను; కోసి తెచ్చి = తుంచి ఇంటికి చేర్చి; నీడ = వెలుగు సూటిగా పడని చోట; చాప మీద = ఈత చాపపై; నేర్పు మీర = నైపుణ్యము అతిశయించగా; ఎండ తగలకుండ = సూర్యకిరణములు సోకకుండునట్లు; ఎనిమిది రోజులు = అష్టదినములు; ఉంచి = ఉండనిచ్చి; డబ్బ మూతన్ = పాత్రయొక్క పిధానమును; ఒత్తి పెట్టు = గట్టిగా అదిమి మూయుము.

పదవ్యాఖ్య

పూలు: ఏ పూలు? ఇక్కడే వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. బతుకమ్మ పూలే అంటారు ప్రాచీనులు. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల దాకా తొమ్మిది రోజులు ఇల్లంతా తంగేడు, గునుగు, బంతి, చామంతి, సీతజడ. పేర్చగా చాటలో మిగిలినవి చూసి కవయిత్రి ఈ పద్యం చెప్పిందని వారి ఊహ. పేర్చిన పువ్వు గోదారికో చెరువుకో పోవలసిందే, దాన్ని ఆరబెట్టే ప్రసక్తి లేదు. మిగిలినదాని మాటే ఇది.

నవీనులు ఒప్పుకోరు. చేయబోయేది చీరల మధ్య పెట్టుకునే వాసన సంచి, సాంబ్రాణిలో కలిపే పొడి, నలుగుపిండి. గునుగుకు వాసనే లేదు, తంగేడుకు ఉన్నా లేనట్టే, వీటిని ఎండబెట్టి ఏం లాభం అంటారు.

ఇరువురికీ సమాధానం చెప్పవచ్చు. గునుగు పుట్టుకతోనే సగం ఎండుపువ్వు. దాని రేకులు కాగితంలా పలుచన, అందులో నీరు తక్కువ. అందుకే పండుగకు ముందే కోసుకొచ్చి, కట్టలు కట్టి, కొసలు రంగులో ముంచినా అది చెక్కుచెదరదు. సీతజడ ఎండాక కూడా ఎర్రదనం విడవదు. బొగడబంతి ఏడాది గడిచినా కోసిననాటి ముఖమే పెడుతుంది. ఇవి డబ్బాకు రూపం ఇస్తాయి. వాసన ఇచ్చేవి వేరే ఉన్నాయి: దేశవాళి గులాబి, మరువం, ధవనం, తులసి, నిమ్మగడ్డి. మరువం ఆకు మీద కంటికి ఆనని నూనె తిత్తులుంటాయి. ఆకు ఎండినా నూనె తిత్తిలోనే ఉంటుంది, నలిపినప్పుడే బయటికి వస్తుంది.

'మరువం ఆకు కదా, పూలు అన్న మాటలోకి ఎలా వస్తుంది?' అంటే, ఉపలక్షణం చేత. కాకుల నుంచి పెరుగు కాపాడమంటే పిల్లి నుంచి కాపాడవద్దని కాదు గదా. అలాగే పూలు అంటే ఆకులు, వట్టివేళ్ళు, తుంగగడ్డలు, నారింజ తొక్కలు కూడా. బాపమ్మ వాడుకలో 'పూలు' అంటే వంటకు పనికిరాక పారేయబుద్ధి కానివన్నీ.

పొద్దెక్కకుండనే: తెల్లవారగానే అని అర్థం చెప్పకూడదు. తెల్లవారుజామున పువ్వు మీద మంచు ఉంటుంది. తడితో కోసిన పువ్వు చాప మీద ఎండదు, బూజు పడుతుంది. ఎండెక్కాక కోస్తే సువాసన నూనెలో కొంత గాలికి పోయి ఉంటుంది. అత్తరు కోసం గులాబి కోసేవాళ్ళు పొద్దున్నే తోటలో దిగడానికి ఇదే కారణం. కాబట్టి మంచు ఆరిన తర్వాత, ఎండ చురుక్కుమనక ముందు. చలికాలంలో ఈ వ్యవధి బోలెడు. రోహిణి కార్తెలో మంచిర్యాలలో చాయ్ గిలాస చేతిలో పెట్టుకుని ఆలోచించేలోపు అయిపోతుంది.

నీడ: పద్యానికి ప్రాణం ఈ పదం. 'ఎండబెట్టుట' అనే పనికి ఎండ వద్దని చెప్పడం విరోధాభాసం. పరిహారం ఇలా: పువ్వులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరే. దాన్ని పోగొట్టాలి. వాసననిచ్చే నూనె కూడా ఆవిరయ్యే గుణం కలదే. దాన్ని ఉండనివ్వాలి. ఎండ ఈ రెండింటికీ తేడా చూడదు, నీటితో పాటు నూనెనూ పట్టుకుపోతుంది. పైగా ఎరుపు, ఊదా రంగులను వెలుగు విరగ్గొడుతుంది. బాపమ్మ స్వోపజ్ఞ వ్యాఖ్య: "ఎండల వేసినవంటె రంగు వోతది, వాసన వోతది. మిగిలేది చెత్తనే."

వాసనగల ఆకులకు నలభై డిగ్రీల లోపు వేడి చాలు. మంచిర్యాలలో వేసవి పగలు నలభై అయిదు దాటిన రోజులుంటాయి. అంటే బయటి ఎండ పువ్వులకు అపాయం, ఇంటిలోపలి నీడ అచ్చం పువ్వులకోసం చేసిన పొయ్యి. అయితే ఒక చిక్కు. పూలు విరగబూసేది వానలు ఇంకా వెళ్ళని బతుకమ్మ నాళ్ళలో, గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు. గాలి పొడిబారే మే నెలకు తోటల్లో పువ్వు కరువు. పూలున్ననాడు ఎండ లేదు, ఎండున్ననాడు పూలు లేవు. ఈ విరహం సంగతి మూలంలో లేదు గానీ, ఉందనే అనుకోవాలి.

ఆక్షేపం: ఇప్పపువ్వును ఎండలోనే ఆరబోస్తారు గదా? జన్నారం, ఉట్నూరు అడవుల్లో రాత్రి రాలిన పువ్వును తెల్లారి ఏరి, గోండులూ కోలాములూ వాకిట ఎండలోనే పరుస్తారు. మరి ఆ శాస్త్రం తప్పా? సమాధానం: తప్పు కాదు. ఇప్పలో దాచేది చక్కెర. చక్కెర ఎండకు ఆవిరవదు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే లడ్డూకు కావలసింది ఆ తీపే. అది కడుపుకోసం ఎండబెట్టడం, ఇది ముక్కుకోసం. అధికారి భేదాన్ని బట్టి విధి మారుతుంది. మోతుకు పువ్వు మూడో దారి: దాచేది రంగు. ఎండబెట్టి, నీళ్ళలో మరిగించి, హోలీకి చల్లుకుంటారు. వాసన లేని పువ్వుకు వాసన పోతుందన్న భయమేల?

చాప: ప్లాస్టిక్ పట్టాను నివారించడానికి ఈ పదం. పట్టా మీద పువ్వు అడుగునుంచి చెమ్మగిల్లుతుంది. ఈత చాప సందుల్లోంచి గాలి కిందినుంచీ ఆడుతుంది. జల్లెడ, చాట, పాత నూలు దుప్పటి కూడా దీనిలోకే వస్తాయి. గునుగు, బొగడబంతి వంటి కాడ గలవాటిని చాప మీద వేస్తే మెడ వంగుతుంది. వాటిని కట్టగట్టి తలకిందులుగా దండేనికి వేలాడదీయాలి. 'చాప మీద' అన్నదానికి 'తాడు కింద' అని పాఠాంతరం చెప్పినా గణభంగం లేదు. దాబా మీద ఎందుకు వద్దంటే, ఇది బొగ్గుబాయిల నేల. ఆరేసిన తెల్లచీరకు ఇక్కడి గాలి సంగతి తెలుసు.

నేర్పు మీర: యతి కోసం వేసిన పాదపూరణమని పైపైన చదివినవారు అంటారు. నిజానికి అసలు పనంతా ఇందులోనే ఉంది. బంతిని ముద్దగా వేస్తే లోపల కుళ్ళుతుంది, రేకులు విడదీయాలి. గులాబి రేకులు ఒకదానిపై ఒకటి పడకూడదు. మరువాన్ని కొమ్మతోనే ఆరబెట్టి, ఎండాక ఆకు దూయాలి. రోజూ ఒకసారి తిరగేయాలి. ఫ్యాన్ వేయవచ్చు గాని సూటిగా వేస్తే మరునాడు పూలు మంచం కింద వెతుక్కోవాలి. ఇవన్నీ రెండు పదాల్లో ఇమిడ్చిన కవయిత్రిది సంక్షిప్త శైలి. లేదా చెప్పే ఓపిక లేకపోవడం.

ఎండ తగలకుండ ఎనిమిది: 'తగలకుండ' తర్వాత అచ్చు వచ్చినా సంధి చేయలేదు. ఇది దోషమని వైయాకరణులు. రెంటి మధ్య గాలి ఆడడానికే ఖాళీ వదిలిందని మా సమర్థన.

ఎనిమిది రోజులు: ఎందుకు ఎనిమిది? గులాబి రేకు మూడు నాలుగు రోజుల్లో గలగలలాడుతుంది. మరువానికి వారం. ముద్దబంతికి వానాకాలంలో రెండు వారాలైనా చాలకపోవచ్చు. మరి అన్నింటికీ ఒకే లెక్కా? రహస్యం ఛందస్సులో ఉంది. ఇది ఆటవెలది. మూడో పాదంలో నాలుగో గణం ఇంద్రగణం కావాలి. 'ఏడు' సూర్యగణం, సరిపోదు. 'పదిహేను' సలగణం, గణానికి సరిపోతుంది గాని పాదం 'ఎ'తో మొదలైంది గనక యతి చెడుతుంది. 'ఎనిమిది' నలగణమూ అవుతుంది, యతీ కుదురుతుంది. కనుక మంచిర్యాలలో పూలు ఎనిమిది రోజులకు ఎండుతాయి. ఛందస్సు మీద నమ్మకం లేనివారు రేకును వేళ్ళ మధ్య విరిచి చూడాలి. వంగితే ఇంకా పచ్చి, పెళుసుగా విరిగితే సిద్ధం.

డబ్బ: గాజుసీసా అని లక్ష్యార్థం. మూత బిగుతుగా ఉండాలి, అలమారలో చీకట్లో ఉండాలి. చెమ్మ పూర్తిగా పోని ఒక్క పువ్వు చాలు, సీసా మొత్తానికి బూజు పట్టించడానికి. పద్యంలో మూత చివరన రావడం వల్ల ఈ హెచ్చరిక ధ్వనిస్తున్నది.

విశేషాలు

1. మల్లె విషయం. మండుటెండల్లో మంచిర్యాలలో దొరికే సువాసన మల్లె ఒక్కటే, పద్యం దాన్ని పట్టించుకోలేదని రసజ్ఞుల బాధ. కారణం ఉంది. మల్లె కోసిన తర్వాత కూడా విచ్చుకుంటూ అప్పటికప్పుడు పరిమళం పుట్టిస్తుంది. ఎండిందంటే గోధుమరంగు చెత్త, వాసన సున్నా. పూర్వులు ఈ సంగతి తెలిసే మల్లెలను నువ్వుల మధ్య పొరలుగా పరిచి, వాసన పట్టిన నువ్వులను గానుగాడించేవారు. చైనావాళ్ళు తేయాకుతో అదే పని చేసి, వాడిన మల్లెలను తీసేస్తారు. మల్లె వాసనను మల్లెలో దాచలేం, మరొకదానిలో దాచాలి.

2. మూడో ద్రవ్యం. రూపానికి గునుగు, వాసనకు మరువం వేసినా నెల తిరక్కుండా వాసన పలచబడుతుంది. పట్టి ఉంచేది కావాలి. వట్టివేరులోని నూనె బరువైనది, మెల్లగా ఆవిరవుతుంది. తనతోపాటు తేలికపాటి వాసనలనూ నెమ్మదింపజేస్తుంది. వేసవిలో కూలర్ తడికలకు వాడగా మిగిలిన వట్టివేళ్ళను తుంచి వేయడమే బాపమ్మ పద్ధతి. తుంగముస్తలు, గంధపు పొట్టు, సాంబ్రాణి పొడి కూడా ఇదే పని చేస్తాయి. కొలత: ఎండిన రేకులు నాలుగు గుప్పిళ్ళు, ఆకులు గుప్పెడు, దంచిన లవంగం దాల్చినచెక్క చెంచాడు, వట్టివేరు చెంచాడు. మూత పెట్టి నెల రోజులు, నడుమ నడుమ కుదుపుతూ. ఆ తర్వాతే నూలు సంచిలోకి.

3. శాస్త్ర ప్రమాణం. అరవై నాలుగు కళల్లో గంధయుక్తి ఒకటి. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి చొప్పున ఎంచుకుంటే 1820 రకాలవుతాయని లెక్కగట్టాడు. బాపమ్మ చేసేది ఒకటే రకం. మిగిలిన 1819 కోడళ్ళకు వదిలిందని మర్యాదగా అర్థం చేసుకోవాలి.

4. నవ్యమతం. సిలికాజెల్ పొడిలో పువ్వును పాతిపెట్టి రెండు మూడు రోజుల్లో తీస్తే రంగూ రూపూ చక్కగా నిలుస్తాయి. మైక్రోవేవ్‌లో పెడితే నిమిషాల పని. పటం కట్టించుకునేవారికి ఇది మేలు. తిరుమల తిరుపతి దేవస్థానం ఉద్యాన విశ్వవిద్యాలయంతో కలిసి ఎండుపూలతో దేవుళ్ళ పటాలు చేయించింది, వాడిన పూలతో ఏడు రకాల అగరుబత్తులను 2021లో అమ్మకానికి తెచ్చింది. అయితే వేగంగా ఎండిన పువ్వు కంటికే మిగులుతుంది. ముక్కుకు కావాలంటే ఆలస్యం తప్పదు.

5. ధ్వని. పద్యమంతా సువాసన కోసమే. కానీ వాసన అనే మాట నాలుగు పాదాల్లోనూ లేదు. కోయి, పరుచు, ఉంచు, మూయి: చేయమన్న పనుల్లో ఏదీ వాసనను పుట్టించదు. పుట్టించే పని మొక్క ముందే చేసేసింది. మనిషి చేయగలిగింది దాన్ని పోనివ్వకపోవడం. పరిమళం మనం చేస్తున్నామనుకునేవాడు ఎండలో పెడతాడు, అత్తరు కలుపుతాడు, రోజూ మూత తీసి చూస్తాడు. ఈ మూడూ నిషిద్ధాలు.

తాత్పర్యం

ఓ కోడలా! ఏ పువ్వూ అన్నీ ఇవ్వదు. రూపం ఒకదానిది, వాసన ఒకదానిది, పట్టి ఉంచే గుణం మరొకదానిది. దేన్ని అడగవలసింది దాన్నే అడిగి, నీటిని నీడలో నెమ్మదిగా సాగనంపి, తక్కినదాన్ని మూత కింద కలిసి ఉండనివ్వు. తొందరపడకు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ఆచరించిన ఇంట పట్టుచీరలు కలరా ఉండల కంపు కొట్టవు. చదివి ఆచరించనివారికి ఛందోజ్ఞానం కలుగుతుంది. చదవకుండానే ఆచరించేవారికి రెండూ అక్కరలేదు, వారే ఈ పద్యానికి కర్తలు.

గద్య

ఇది గోదావరీ తీర మంచిర్యాల పుర నివాసినియు, తంగేడు గునుగు సీతజడాది నానావిధ కుసుమ శోషణ విచక్షణయు, ప్లాస్టిక్ పట్టా ఖండన పండితయు, మూత తీసిన మనుమల కర్ణ మర్దన దక్షయు నగు బాపమ్మచే చెప్పబడిన ఎండుపూల పద్యమునకు, ఆమె చదివి "గింత రాసుడెందుకు, చాప మడతపెట్టు" అని ఆమోదించిన వ్యాఖ్యానము సంపూర్ణము.